ఏడో తరగతికి ఒక వారం: బడి అన్నం పళ్లెం చుట్టూ పాఠాలు ఎలా నడపాలి

ఒడిశాలో ఆంధ్ర సరిహద్దు దగ్గరున్న పర్లాకిమిడి, కాశీనగర్, గుణుపురం చుట్టుపక్కల బళ్లలో ఏడో తరగతి అంటే ఒక్క తరగతి కాదు. ఇంట్లో తెలుగు మాట్లాడి బడిలో ఒడియా చదివేవాళ్లు కొందరు, ఇంటా బయటా ఒడియాయే అయినవాళ్లు కొందరు. కొండ ఊళ్ల నుంచి వచ్చే సవర పిల్లలకి తెలుగు, ఒడియా రెండూ నేర్చుకున్న భాషలే. పాఠ్యపుస్తకం మాత్రం అందరికీ ఒకటే.

ఇలాంటి తరగతిలో సోమవారం నుంచి శనివారం దాకా ఒక వారాన్ని ఎలా వేసుకోవాలో, ఎలా నడపాలో ఇందులో చెబుతున్నాను. ఒడియా మీడియం బడిలో తెలుగు పిల్లలున్న టీచర్లని దృష్టిలో పెట్టుకుని రాశాను. తెలుగు మీడియం బడివాళ్లు రాత భాషని అటూ ఇటూ మార్చుకుంటే చాలు. నేను గట్టిగా నమ్మే పద్ధతి ఇది: వారంలో కొత్త విషయాలు తక్కువ పెట్టాలి, వీలైనన్ని పీరియడ్లు ఒకే వస్తువు చుట్టూ తిప్పాలి, పిల్లలు ఇంటి భాషలో నోరారా మాట్లాడాకే బడి భాషలో రాయించాలి. ఇక్కడ ఆ వస్తువుగా మధ్యాహ్న భోజనం పళ్లెం తీసుకున్నాను.

ముందు గంటలు లెక్కపెట్టండి

విద్యాహక్కు చట్టం ప్రకారం ఆరు నుంచి ఎనిమిది తరగతులకి ఏడాదికి కనీసం 220 పనిదినాలు, 1000 బోధన గంటలు ఉండాలి. వారానికి ఆరు రోజులు లెక్కేస్తే చేతిలో ఉండేవి 36 వారాల పైచిలుకు. వారానికి 27 గంటలు, అంటే 40 నిమిషాల పీరియడ్లు సుమారు 40. టీచరుకి ఆ చట్టమే వారానికి 45 గంటలు రాసింది, అందులో తయారీ కూడా కలిసే ఉంది. 45లో 27 తీసేస్తే మిగిలిన 18 గంటలూ తయారీకి, దిద్దుబాటుకి. ఆ 18 గంటలు రిజిస్టర్లకీ మీటింగులకీ పోగా ఎన్ని మిగులుతాయో అందరికీ తెలిసిందే. అందుకే ప్లాను చిన్నగా ఉండాలి.

ఈ వారంలో లెక్కలకి 6, సైన్సుకి 5, సోషల్‌కి 4, భాషలకి 6 పీరియడ్లు పళ్లెం చుట్టూ తిరుగుతాయి. మొత్తం 21. మిగతా పీరియడ్లు మామూలు టైంటేబుల్ ప్రకారమే నడవనివ్వండి. అన్నిటినీ ఒకే తాడుకి కట్టాలని చూస్తే గురువారానికల్లా పిల్లలకి అన్నం పేరు చెబితేనే విసుగొస్తుంది. ఇద్దరు టీచర్లే ఉన్న బడి అయితే మొదటిసారి లెక్కలు, సైన్సు రెండింటితోనే చేయండి.

శనివారం నుంచి వెనక్కి రాయండి

వారం మొదలవకముందే ఒక తెల్లకాగితం తీసుకుని, శనివారం మధ్యాహ్నానికి పిల్లలు ఏం చేసి చూపించగలగాలో రాయండి. ‘అవగాహన పొందుతారు’, ‘తెలుసుకుంటారు’ అని రాయొద్దు. తెలుసుకున్నదీ లేనిదీ కంటికి కనపడదు. చేసి చూపించే పనులే రాయండి. ఈ వారానికి నా కాగితం ఇలా ఉంటుంది:

1. ఎంతమంది పిల్లలకైనా బియ్యం, పప్పు, కూరలు, నూనె ఎంత కావాలో లెక్క కట్టి, ఆ లెక్క ఎలా వచ్చిందో పక్కవాడికి చెప్పగలగాలి.
2. పళ్లెంలో వేటిలో పిండిపదార్థం ఉందో పరీక్ష చేసి చూపించాలి. నోట్లో అన్నం ఏమవుతుందో చెప్పాలి.
3. బడిలో అన్నం ఎప్పటి నుంచి, ఎలా వచ్చిందో నాలుగైదు వాక్యాల్లో చెప్పాలి.
4. వంట చేసే ఆవిడ పని గురించి తెలుగులో చెప్పి, ఒడియాలో అరపేజీ రాయాలి.

ఐదోది రాయాలని చెయ్యి లాగుతుంది. రాయకండి. ఈ నాలుగింటిలో మొదటిదే కష్టం, వారంలో ఎక్కువ సమయం తినేది కూడా అదే.

ముందువారం సర్దుకోవాల్సినవి

హెడ్‌మాస్టారుకి ఒక మాట చెప్పండి. ఆ తర్వాత అసలైన పని, వంట చేసేవాళ్లతో మాట్లాడటం. పిల్లలు కాగితాలు, తక్కెడ పట్టుకుని వంటగది వైపు వస్తే వాళ్లకి తనిఖీ అనే అనిపిస్తుంది, టెన్షన్ పడతారు. ‘ఎంత వండుతున్నారో చూడటానికి కాదు, పిల్లలకి లెక్కలు చెప్పటానికి’ అని ముందే చెప్పాలి. నా మటుకు నేను బడి సరుకుని తూకం వేయించను. ఇంటి నుంచి తెచ్చిన ఒక కేజీ బియ్యం, పావు కేజీ పప్పుతో తరగతి గదిలోనే తూకం పని అయిపోతుంది. పిల్లల్ని వెలుగుతున్న పొయ్యి దగ్గరికి పంపకండి. వంటావిడే పని అయ్యాక గదికి వచ్చి కూర్చుంటే ఆవిడకీ మర్యాదగా ఉంటుంది.

సామాన్లు పెద్దగా ఏమీ లేవు: కిరాణా కొట్టు నుంచి ఒక పూటకి అడిగి తెచ్చిన తక్కెడ, గళ్ల కాగితాలు, మందుల షాపులో దొరికే టింక్చర్ అయోడిన్, రెండు గాజు గొట్టాలు లేదా చిన్న గాజు సీసాలు, పాత క్యాలెండర్ కాగితాలు.

ఇంకో జాగ్రత్త. ఈ వారం మొత్తంలో ‘మీ ఇంట్లో ఏం వండారు?’, ‘పొద్దున్న ఏం తిని వచ్చావు?’ అనే ప్రశ్నలు అడగకండి. ఏమీ తినకుండా వచ్చిన పిల్ల ఆ ప్రశ్నకి అబద్ధం చెప్పాల్సి వస్తుంది. బడి పళ్లెం ఎంచుకోవడానికి ఒక కారణం ఇదే, అది అందరికీ ఒకటే.

సోమవారం: పాఠం చెప్పకండి, వినండి

మొదటి పీరియడ్‌లో బోర్డు మీద పెద్ద గుండ్రం గీసి ‘ఇది మన పళ్లెం. ఇందులో ఏమున్నాయి? అవి ఎక్కడి నుంచి వచ్చాయి?’ అని అడగండి. ఏ భాషలో చెప్పినా పర్వాలేదు. బోర్డు ఎడమ అంచున ఒక నిలువు గీత గీసి అక్కడ మాటలు రాస్తూ పోండి, తెలుగు ఒక పక్క, ఒడియా ఒక పక్క. సవర పిల్లలు తమ మాట చెబితే మూడో వరసలో తెలుగు లిపిలోనో ఒడియా లిపిలోనో రాయండి. ఈ అంచు శనివారం దాకా చెరపకూడదు. వారం మధ్యలో ఏ పిల్లకి మాట అందకపోయినా తల తిప్పి చూసుకోవడానికి అది ఉంటుంది. ఒడియా అంకెలు వాడే పుస్తకమైతే అంచు కింద రెండు రకాల అంకెలూ ఒకదాని కింద ఒకటి రాసి పెట్టండి. లెక్క వచ్చి కూడా అంకె దగ్గర తడబడే పిల్లలు ఉంటారు.

రెండో పీరియడ్‌లో ఒక్కొక్కరికీ చిన్న చీటీ ఇచ్చి మూడు ప్రశ్నలు ఇవ్వండి. పేరు రాయించండి, మార్కులు మాత్రం వేయకండి.

20 మందికి 3 కేజీల బియ్యం సరిపోతే 30 మందికి ఎంత కావాలి?

2:3 అంటే ఏమిటో బొమ్మ వేసి చూపించండి.

7.5ని 10తో గుణిస్తే ఎంత?

మొదటి ప్రశ్నకి వచ్చే తప్పులు చదివితే ఆ పిల్లల ఆలోచన ఎటు పోతోందో తెలుస్తుంది. 4.5 కేజీలు రావాలి. 13 అని రాసిన పిల్ల ‘పదిమంది పెరిగారు, పది కలిపాను’ అంటుంది. ఆ పిల్ల సోమరి కాదు. కూడిక చేసి సరిపెట్టే చోట గుణకారం కావాలని ఇంకా అందలేదు. 4 అని రాసిన పిల్ల జవాబు దగ్గరికి వచ్చి ఆగిపోయింది. 45 రాసిన వాడికి లెక్క వచ్చు, దశాంశ బిందువు ఎక్కడ పెట్టాలో రాదు. మూడు తప్పులకీ మందు ఒకటి కాదు.

ఇంటికి వెళ్లేముందు చీటీలని మూడు కట్టలు చేయండి: వచ్చినవాళ్లు, దగ్గరికి వచ్చినవాళ్లు, కూడిక దగ్గరే ఉన్నవాళ్లు. రేపటి గుంపులు ఈ కట్టలని చూసే వేయాలి. 32 మంది ఉంటే నలుగురేసి ఎనిమిది గుంపులు అనుకుందాం. ప్రతి గుంపులో మూడు కట్టల వాళ్లూ ఉండాలి. సవర పిల్లలు ముగ్గురే ఉంటే ముగ్గుర్నీ మూడు చోట్లకి విడదీయకండి, కనీసం ఇద్దరైనా పక్కపక్కన ఉండనివ్వండి. తెలుగు, ఒడియా రెండూ బాగా వచ్చిన పిల్లని రోజూ అనువాదకురాలిని చేస్తే ఆ పిల్ల చదువు అటకెక్కుతుంది. వంతులు మార్చండి.

మంగళవారం: 20:4:10:1

వారానికి నడుం ఈ రోజే. వరసగా రెండు పీరియడ్లు దొరికేలా చూసుకోండి.

మధ్యాహ్న భోజన నిబంధనల్లో ఉన్న అంకెలు బోర్డు మీద రాయండి. ఆరు నుంచి ఎనిమిది తరగతుల్లో ఒక్కొక్కరికి రోజుకి 150 గ్రాముల బియ్యం, 30 గ్రాముల పప్పు, 75 గ్రాముల కూరగాయలు, 7.5 గ్రాముల నూనె. అన్నీ వండకముందు తూకాలు.

ముందు చేతితో పట్టించండి. తక్కెడలో 150 గ్రాముల బియ్యం, 30 గ్రాముల పప్పు తూచి కాగితాల మీద పోయండి. ‘ఇంతేనా సార్?’ అంటారు. ఉడికితే ఎంతవుతుందో రేపు చూద్దామని చెప్పి వదిలేయండి.

తర్వాత పట్టిక. ఎడమ వరసలో పిల్లల సంఖ్య 1, 2, 10, 20, 32 అని, పై వరసలో నాలుగు సరుకులు. గుంపులే నింపాలి. మీరు చెప్పాల్సిన మాట ఒక్కటే: ‘ముందు ఒకరికి ఎంతో చూడు’. కూడిక దగ్గర ఆగిన పిల్లలకి ఈ పట్టికే దారి చూపిస్తుంది. 10 నుంచి 20కి వెళ్లేటప్పుడు బియ్యం 10 పెరగలేదనీ రెట్టింపు అయిందనీ వాళ్ల కళ్లతో వాళ్లే చూస్తారు. 32 మందికి రావాల్సినవి: బియ్యం 4.8 కేజీలు, పప్పు 960 గ్రాములు, కూరలు 2.4 కేజీలు, నూనె 240 గ్రాములు.

ఇప్పుడు నిష్పత్తి. 150:30:75:7.5ని చిన్నది చేయమంటే దశాంశం చూసి చేతులెత్తేస్తారు. ‘ముందు ఆ అరని వదిలించుకుందాం, అన్నిటినీ రెట్టింపు చేయండి’ అనండి. 300:60:150:15 వస్తుంది. అన్నిటినీ 15తో భాగిస్తే 20:4:10:1. నూనె ఒక్క పాలు, దానికి ఇరవై పాళ్ల బియ్యం.

ఇక్కడ ఆగి రెండో వరస అంకెలు రాయండి. ఒకటి నుంచి ఐదో తరగతి పిల్లలకి బియ్యం 100, పప్పు 20, కూరలు 50, నూనె 5 గ్రాములు. రాసి ఊరుకోండి. ఎవరో ఒకరు అడుగుతారు: ‘మాస్టారూ, చిన్నోళ్లకి నూనె తక్కువెందుకేస్తారు?’ జవాబు చెప్పకండి. నిష్పత్తి కట్టమనండి. అదీ 20:4:10:1 అని తేలేసరికి గదిలో గోల మొదలవుతుంది. ‘తక్కువేస్తున్నారు’ అనేవాళ్లూ ‘సమానమే’ అనేవాళ్లూ తగువు పడతారు. పడనివ్వండి. నిష్పత్తి పాఠం అంటే ఆ తగువే: తూకంలో తక్కువ, పాళ్లలో సమానం. పెద్దపిల్లల పళ్లెం చిన్నపిల్లల పళ్లానికి సరిగ్గా ఒకటిన్నర రెట్లు, అన్ని సరుకుల్లోనూ. తెలుగులో తగువు పడినంతసేపూ ఒడియాలో రాయమని తొందరపెట్టకండి. ఎడమ అంచున ‘నిష్పత్తి’, ‘రెట్టు’, ‘సమానం’ మాటలకి ఒడియా మాటలు చేరిస్తే చాలు.

రెండో పీరియడ్ చివర గళ్ల కాగితం మీద వరసగా 35 గళ్లు గుర్తు పెట్టించండి. 20 గళ్లకి ఒక రంగు, 4కి ఒకటి, 10కి ఒకటి, 1కి ఒకటి. పళ్లెంలో బియ్యం వాటా 20/35, అంటే 4/7. కూరలు 2/7. పప్పు 4/35, నూనె 1/35. శాతాల్లో దగ్గరగా 57, 29, 11, 3. భిన్నం, నిష్పత్తి, శాతం మూడు వేర్వేరు పాఠాలుగా పుస్తకంలో ఉంటాయి కదా, ఈ ఒక్క పట్టీ మీద మూడూ కనపడతాయి.

ముందే అయిపోయిన గుంపులకి ఒక చిక్కు ప్రశ్న ఉంచుకోండి. ఏడో తరగతి 32 మంది, ఒకటి నుంచి ఐదు తరగతుల వాళ్లు 40 మంది కలిసి తింటే బియ్యం ఎంత? 72ని 150తో గుణించిన వాళ్లు బోర్లా పడతారు. 4.8 కేజీలు, 4 కేజీలు కలిపి 8.8. అప్పుడు అడగండి, ‘మొత్తం వంటలో బియ్యానికీ నూనెకీ నిష్పత్తి ఎంత?’ లెక్క వేయకుండానే 20:1 అని చెప్పిన పిల్ల మీకు దొరికితే ఆ రోజు హాయిగా నిద్రపోవచ్చు.

బుధవారం: అన్నం, అయోడిన్

టింక్చర్ అయోడిన్‌లో నీళ్లు కలిపి పల్చటి టీ రంగు వచ్చేదాకా తేలిక చేయండి. పుండ్లకి వాడే పోవిడోన్ అయోడిన్ లోషన్‌తో కూడా పరీక్ష అవుతుంది. అన్నం, బంగాళదుంప ముక్క, నానబెట్టి నూరిన కందిపప్పు, దోసకాయ ముక్క, ఉప్పు, ఉడికిన గుడ్డులో తెల్లసొన వరసగా పెట్టండి. చుక్క వేయకముందే ఏది నల్లబడుతుందో ప్రతి గుంపూ రాసి ఇవ్వాలి. ముందు ఊహించకుండా చూస్తే అది గారడీ అయిపోతుంది.

పిండిపదార్థం ఉన్నచోట చుక్క నీలి నలుపుగా మారుతుంది. అన్నం, దుంప అందరూ సరిగ్గానే ఊహిస్తారు. కందిపప్పు దగ్గర కంగు తింటారు. ‘పప్పులో ప్రోటీన్ ఉంటుంది’ అని బట్టీ పట్టినవాళ్లకి పప్పు నల్లబడటం నచ్చదు. పప్పులో ప్రోటీన్ బాగానే ఉంది, కానీ పిండిపదార్థం అంతకంటే ఎక్కువ ఉందని అప్పుడు చెప్పండి. బోర్డు మీద ‘దీనిలో ఇది మాత్రమే’ అన్నట్టు రాసే అలవాటు మనకే ఉంది, పుస్తకాన్ని అని లాభం లేదు. పరీక్షకి వాడిన తిండిని ఎవరూ నోట్లో పెట్టుకోకుండా చూసి, అక్కడికక్కడే పారేయించండి. అయోడిన్ మరక బట్టలకి పోదు, యూనిఫారం జాగ్రత్త.

నూనెకి కాగితం చాలు. పాత క్యాలెండర్ కాగితం మీద నూనె చుక్క, పక్కన నీటి చుక్క. ఎండలో పెడితే నీటి మచ్చ ఆరిపోతుంది, నూనె మచ్చలోంచి వెలుతురు కనిపిస్తూనే ఉంటుంది.

రెండో పరీక్షకి అన్నం మెతుకులు పనికిరావు, చల్లారిన పల్చటి గంజి కావాలి. రెండు గొట్టాల్లో కొంచెం కొంచెం గంజి పోయండి. ఒకదాంట్లో చెంచాడు నీళ్లు, రెండోదాంట్లో ముందుకొచ్చిన ఒక్క పిల్లాడి లాలాజలం చెంచాడు. నవ్వుతారు, ‘ఎంగిలి’ అంటారు. నవ్వు అయ్యేదాకా ఆగండి. రెండు గొట్టాలనీ పావుగంట పిడికిట్లో పట్టుకోమనండి, ఒంటి వేడి కావాలి. అప్పుడు ఒక్కో చుక్క అయోడిన్. నీళ్ల గొట్టం నీలి నల్లగా అవుతుంది, రెండోది అవదు, లేదా బాగా లేతగా ఉంటుంది. లాలాజలంలోని ఎంజైము పిండిపదార్థాన్ని విరిచి చక్కెరగా మారుస్తుంది. మారకపోతే కంగారు పడొద్దు, గంజి చిక్కగా ఉండి ఉంటుంది లేదా అయోడిన్ ఎక్కువ పడి ఉంటుంది. సగం నీళ్లు కలిపి మళ్లీ చేయండి. సోమవారమే ఇంట్లో ఒకసారి చేసి చూసుకుంటే ఈ బాధ ఉండదు.

నిన్న తూచిన 150 గ్రాముల బియ్యాన్ని ఎవరింట్లోనైనా వండించి తెప్పించి తూచండి. రెండున్నర, మూడు రెట్ల దాకా వస్తుంది. ఎసరు పోసిన తీరుని బట్టి తేడా. ‘ఇంతేనా’ అన్నవాళ్లకి జవాబు దొరుకుతుంది.

సంత రోజు కొత్త పాఠం పెట్టకండి

మీ ఊళ్లో సంత ఏ రోజో ఆ రోజు హాజరు పలచబడుతుంది. ఉభాల (వరి నాట్ల) సమయంలోనూ, జీడిపిక్కలు ఏరే రోజుల్లోనూ అంతే. ప్లాను కాగితంలో ఆ రోజుని ముందే ఖాళీగా ఉంచండి. నేను గురువారం అనుకుని రాస్తున్నాను.

వచ్చినవాళ్లతో సోమవారం మూడో కట్టలో ఉన్నవాళ్ల పని చేయండి. తక్కువమంది ఉంటారు కాబట్టి ఒక్కొక్కరి పక్కన కూర్చునే అవకాశం మళ్లీ దొరకదు. మిగతావాళ్లకి కొలతల పని ఇవ్వండి. మన పెద్దవాళ్ల లెక్కలో రెండు సోలలు తవ్వ, రెండు తవ్వలు మానిక, రెండు మానికలు అడ్డ, రెండు అడ్డలు కుంచం. సోలతో మొదలెడితే కుంచం 2×2×2×2, అంటే 2 నాలుగో ఘాతం, 16 సోలలు. ఘాతాంకాల పాఠానికి ఇంతకంటే మంచి మొదలు నాకు కనపడలేదు. ఎవరింట్లోనైనా ఇత్తడి మానికో తవ్వో ఉంటే తెమ్మనండి, బియ్యం పోసి గ్రాముల్లో తూచి రాసుకోవచ్చు. ఊరు మారితే కొలత పరిమాణం కూడా కొంచెం మారేది, అందుకే రెండు ఇళ్ల కొలతలు సరిపోలకపోతే ఎవరిదీ తప్పు అనకండి.

సోషల్ పీరియడ్లు ఈ రోజే సర్దేయొచ్చు. పిల్లలు వాళ్ల అమ్మనో తాతనో అడిగి రావాల్సిన ప్రశ్న ముందురోజే ఇవ్వండి: ‘నీ చిన్నప్పుడు బడిలో అన్నం పెట్టేవారా?’ దేశమంతటా ఈ పథకం 1995 ఆగస్టు 15న మొదలైంది. చాలా రాష్ట్రాల్లో మొదట్లో వండి పెట్టడం లేదు, నెలకి ఇన్ని కేజీలని ధాన్యం ఇచ్చేవారు. 2001 నవంబరు 28న సుప్రీంకోర్టు బళ్లలో వండిన భోజనమే పెట్టాలని ఆదేశించింది. 2021లో పథకం పేరు పీఎం పోషణ్ అయింది. ఈ మూడు తేదీలనీ ఒక గీత మీద పెట్టి, అమ్మ పుట్టిన సంవత్సరం, తాను బడిలో చేరిన సంవత్సరం అదే గీత మీద గుర్తు పెట్టమనండి. చరిత్ర పాఠంలో తమ ఇల్లు కనపడితే పిల్లలు ఆ తేదీలు మర్చిపోరు.

పటం పని కూడా ఇందులోనే. కలహండి కొండల్లో పుట్టిన వంశధార గుణుపురం పక్కగా వచ్చి ఆంధ్రప్రదేశ్‌లోకి దిగి, గొట్టా బ్యారేజీ దాటి కళింగపట్నం దగ్గర సముద్రంలో కలుస్తుంది. నది ఒకటే, మధ్యలో రాష్ట్రం గీత. దాని పొడుగునా వరి ఎక్కడెక్కడ పండుతుందో గీయించండి. వంద కేజీల ధాన్యం మర పట్టిస్తే 67 కేజీల దాకా బియ్యం వస్తాయి. మన 32 మంది ఒక పూట తినే 4.8 కేజీలకి ధాన్యం ఎంత కావాలి? ఏడు కేజీల పైచిలుకు. ఈ లెక్క ఇంటికి ఇవ్వండి, నాన్నలూ తాతలూ కూడా కూర్చుని చేస్తారు.

శుక్రవారం: మాట్లాడి, ఆ తర్వాత రాయడం

వంటావిడ గదికి వచ్చే రోజు ఇది. ముందు పీరియడ్‌లో ప్రశ్నలు తయారు చేయించండి. పిల్లలు మొదట ‘మీ పేరు?’, ‘మీకు ఈ పని ఇష్టమా?’ లాంటివి రాస్తారు. అవి తీసేయించకండి, వాటి కింద ఇంకో నాలుగు రాయమనండి: పొద్దున్న ఎన్నింటికి వస్తారు, ఎసరు ఎంతో ఎలా తెలుస్తుంది, వాన పడిన రోజు కట్టెలు ఎలా, పిల్లలు ఎక్కువ వచ్చిన రోజు ఏం చేస్తారు. ఆవిడని ‘అత్తా’ అని పిలిచే పిల్లలు అలాగే పిలవొచ్చు. తెలుగులోనో ఒడియాలోనో, ఆవిడకి ఏది సులువైతే అది. ఆవిడ ఎసరు లెక్క చెప్పేటప్పుడు గమనించండి, వేళ్ల కణుపులతోనో గిన్నె అంచుతోనో చెబుతుంది. అదీ నిష్పత్తే.

తర్వాత రాత మూడు అంచెల్లో సాగాలి. ముందు ఇద్దరిద్దరు కూర్చుని విన్నదాన్ని తెలుగులో ఒకరికొకరు చెప్పుకోవాలి. తర్వాత ఏ భాషలోనైనా ముక్కలు ముక్కలుగా నోట్సు రాసుకోవాలి. చివరికి ఒడియాలో అరపేజీ. మొదటి అంచె ఎగ్గొట్టి నేరుగా ఒడియాలో రాయమంటే ‘మా బడిలో వంట చేస్తారు. వంట బాగుంటుంది.’ అని రెండు వాక్యాలు రాసి పెన్ను మూసేస్తారు. చెప్పాల్సింది లేక కాదు, చెప్పాల్సింది ముందు నోట్లో పండలేదు. సవర పిల్లలు తమలో తాము సవరలో చెప్పుకోవచ్చు.

దీన్ని కొత్త పద్ధతి అనుకోనక్కర్లేదు. పర్లాకిమిడి రాజావారి బడిలో పంతులుగా చేరిన గిడుగు రామమూర్తి సవర భాష తానే నేర్చుకుని, ఆ పిల్లల కోసం ఆ భాషలోనే వాచకాలు రాశారు. తెలుగు పుస్తకాలు జనం మాట్లాడే భాషలో ఉండాలని పోరాడిందీ ఆయనే. ఆయన పుట్టినరోజు ఆగస్టు 29న తెలుగు భాషా దినోత్సవం చేసుకుంటాం. దండలు వేసే చోట ఆయన సవర పని గురించి కూడా ఒక మాట చెబితే బాగుంటుంది.

దిద్దేటప్పుడు అక్షర దోషాలన్నీ ఎర్రపెన్నుతో గుచ్చకండి. ఈ వారానికి రెండే చూస్తామని ముందే చెప్పండి, ఉదాహరణకి వాక్యం చివర క్రియ సరిగ్గా ఉందా, అంకెలు సరిగ్గా ఉన్నాయా.

దిద్దుబాటు ఎప్పుడు

32 పుస్తకాలు, ఒక్కోదానికి మూడు నిమిషాలు అనుకున్నా గంటన్నర దాటుతుంది. ఒకే రోజు పెట్టుకుంటే చివరి పది పుస్తకాలకి టిక్కు తప్ప ఏమీ పడదు. మంగళవారం పదకొండు, బుధవారం పదకొండు, సంత రోజు పది. శుక్రవారం రాత మాత్రం శనివారంలోగా అందరిదీ చూడాలి, కానీ అది అరపేజీయే. పిల్లల ముందే, పక్కన కూర్చోబెట్టుకుని దిద్దిన రెండు నిమిషాలు ఇంట్లో దిద్దిన పది నిమిషాలతో సమానం.

శనివారం: చూపించడం

ఒంటిపూట బడి అయినా సరిపోతుంది. పరీక్ష పెట్టకండి. నాలుగు మూలల్లో నాలుగు బల్లలు: లెక్కల పట్టీ, అయోడిన్, తేదీల గీత, పటం. ప్రతి బల్ల దగ్గర ఇద్దరు నిలబడి చెబుతారు, మిగతావాళ్లు తిరుగుతూ అడుగుతారు. పావుగంటకోసారి నిలబడేవాళ్లు మారాలి, లేకపోతే ఎప్పుడూ మాట్లాడేవాళ్లే మాట్లాడతారు. ఆరో తరగతి వాళ్లని పిలిస్తే ఇంకా మంచిది, తమకంటే చిన్నవాళ్లకి చెప్పేటప్పుడు పిల్లలు దాటవేయరు. తల్లిదండ్రులు ఎవరైనా వస్తే తెలుగులో చెప్పమనండి. ఒడియాలో రాసిన అరపేజీలు గోడకి అంటించండి, బాగా రాసినవి మాత్రమే కాదు, అన్నీ.

చివరి పదిహేను నిమిషాల్లో సోమవారం చీటీలో మొదటి ప్రశ్ననే అంకెలు మార్చి మళ్లీ ఇవ్వండి: 40 మందికి 6 కేజీలు సరిపోతే 50 మందికి ఎంత? జవాబు 7.5. సోమవారం చీటీ పక్కన ఈ చీటీ పెట్టి చూడండి. మూడో కట్టలోంచి ఎవరు పైకొచ్చారో, ఎవరు రాలేదో మీకు తెలుస్తుంది. రానివాళ్ల పేర్లు వచ్చేవారం ప్లాను కాగితం పైన మొదట రాయండి, పాఠం పేరు రాయకముందే.

సీఆర్‌సీసీ (క్లస్టర్ రిసోర్స్ సెంటర్ కోఆర్డినేటర్) గారు వచ్చి పాఠ్యప్రణాళిక అడిగితే వేరే ఏమీ రాయనక్కర్లేదు. శనివారం నుంచి వెనక్కి రాసిన ఆ నాలుగు లైన్ల కాగితం, దాని వెనక పాఠ్యపుస్తకంలో ఏయే పాఠాలు ఇందులో వచ్చాయో పేజీ నంబర్లతో సహా ఒక చిన్న జాబితా, సోమవారం, శనివారం చీటీలు డైరీలో పెట్టి చూపించండి. పేజీ నంబర్లు మాత్రం మర్చిపోకండి, సిలబస్ ఎంతవరకు అయిందన్న ప్రశ్న తప్పకుండా వస్తుంది.